నలగని పక్క

అబ్బాయి నెల తిరక్కుండా ఇంటికొచ్చేస్తాడని పక్కింటి పెద్దమ్మ వీధి పొడుగునా చెప్పిందట. ఆ మాట అబ్బాయికి అమ్మ ఫోనులో చెప్పింది. అమ్మకు పాలు పోసే ఆవిడ చెప్పింది. పాలావిడకు మాత్రం పెద్దమ్మే స్వయంగా చెప్పింది కాబట్టి ఆ మాటలో నీళ్ళు కలిసే అవకాశం లేదు.

"ఏమందో తెలుసా? 'ఫోటో స్టూడియోలో పెడితే చీకటి గదంటే భయమని వచ్చేశాడు. బేకరీలో పెడితే పొయ్యి సెగ పడలేదని వచ్చేశాడు. కరెంటు పనికి పంపితే షాకు కొట్టిందని వచ్చేశాడు. ఇప్పుడు పటాలంలో చేరాడు. అక్కడ చీకటి, సెగ, షాకు మూడూ ఒకే కప్పు కింద దొరుకుతాయి. ఇంకెన్నాళ్ళుంటాడు?' అందిట్రా," అని అమ్మ ఊపిరి తీసుకుంది. "అంతటితో ఆగిందా? ఆదివారం నాతోపాటు నిన్ను చూడ్డానికి తనూ వస్తానంది. టికెట్లు కూడా తనే తీసేసింది. రావడానికి రెండు, పోవడానికి మూడు."

"మూడా? మూడోది ఎవరికమ్మా?"

ఫోను ఆ చెవినుంచి ఈ చెవికి మారిన చప్పుడైంది.

"నీకే నాన్నా," అంది అమ్మ.

చిక్కేమిటంటే, పెద్దమ్మ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. స్టూడియో నిజం, బేకరీ నిజం, షాకు మరీ నిజం. పటాలం శిక్షణ శిబిరంలో కూడా అతని సంగతి అంత గొప్పగా లేదు. కవాతులో "ఎడమ" అని అరిస్తే ముందు రెండు చేతులూ చూసుకుని, అన్నం తినే చెయ్యి ఏదో గుర్తు తెచ్చుకుని, అప్పుడు కాలు కదిపేవాడు. ఈలోగా మిగతా వరస మైదానం సగం దాటిపోయేది. తాడెక్కమంటే ఎక్కేవాడు కాదు, ఆరేసిన చొక్కాలా వేలాడేవాడు. తుపాకీ విప్పి మళ్ళీ బిగించమంటే శ్రద్ధగా బిగించేవాడు గానీ, బిగించిన ప్రతిసారీ ఒక స్ప్రింగు మిగిలేది.

ఇన్ని లోపాలున్నా అతణ్ణి ఇంకా ఇంటికి పంపకపోవడానికి ఒకటే కారణం. అతను పక్క వేస్తే చూసి తీరాలి. వాళ్ళమ్మ ఒక లాడ్జిలో గదులు సర్దుతుంది. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో దుప్పటికి ఒక కొస అమ్మ పట్టుకుంటే రెండో కొస ఇతను పట్టుకునేవాడు. ఆ అలవాటుతో శిబిరంలో అతను వేసిన పక్క మీద గుద్దితే డప్పు మోగినట్టు మోగేది. దుప్పటి అంచు చూస్తే చెయ్యి పెట్టడానికి భయం వేసేది, ఎక్కడ తెగుతుందోనని. అందుకే బారకులో అందరూ అతణ్ణి మడత అని పిలిచేవారు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

డ్రిల్లు మాస్టారికి ఆ పక్కంటే ప్రాణం. ఆయనకు మీసాలున్నాయి, మీసాలకన్నా పెద్ద గొంతు ఉంది. "ఒరే మడతా! నీ ఊరూ మా ఊరూ ఒకే బస్సు దారిలో ఉన్నాయని నోరు మూసుకుంటున్నా. నీకు కాళ్ళు పనిచెయ్యవు, చేతులు పనిచెయ్యవు. దేవుడు నీకు పక్కొక్కటే ఇచ్చాడు. ఆదివారం కమాండరు గారు తనిఖీకొస్తారు. నిలిచినవాడు శిక్షణలో ఉంటాడు, నిలవనివాడు పెట్టె సర్దుకుంటాడు. నువ్వు బయటపడితే ఆ పక్కతోనే బయటపడాలి. దాని మీద ఒక్క ముడత కనబడిందో, నీ మొహం మీద లేని ముడతలు నేను తెప్పిస్తా!"

ఇంత చెప్పాక ఆ పక్క మీద పడుకునే ధైర్యం ఎవరికుంటుంది? మడతకూ లేకపోయింది. ఒకసారి పక్క మరీ బాగా కుదిరింది. దాన్ని చెరపడానికి మనసు రాక, ఇంటినుంచి తెచ్చుకున్న పెద్ద తువ్వాలు మంచం కింద పరుచుకుని, అక్కడే పడుకున్నాడు. తెల్లారి అందరూ దుప్పట్లతో కుస్తీ పడుతుంటే మడత తీరిగ్గా గడ్డం గీసుకున్నాడు. పక్కమంచం వాడు అది చూశాడు. వాడి పేరు గురక. ఆ పేరు ఎందుకొచ్చిందో విడిగా చెప్పక్కర్లేదు. మర్నాడు గురక కూడా మంచం కిందికి దిగాడు. గురక కిందినుంచి వినపడేసరికి మిగతావాళ్ళకూ విషయం అర్థమైంది. కొద్ది రోజులకల్లా బారకు మొత్తం మంచాల కింద పడుకోవడం మొదలుపెట్టింది. సామాను పెట్టాల్సిన చోట మనుషులు, మనుషులు పడుకోవాల్సిన చోట మర్యాద.

పొద్దున్నే వచ్చి వరసగా నున్నటి పక్కలు చూసిన డ్రిల్లు మాస్టారికి కళ్ళు చెమర్చాయి. ఆనందం పట్టలేక మడత మంచానికి నాలుగు వైపులా కర్రలు నిలబెట్టించి తాడు కట్టించాడు. వేరే బారకుల కుర్రాళ్ళను తీసుకొచ్చి దూరంగా నిలబెట్టి చూపించేవాడు. "ముట్టుకోకండి. ఊపిరి కూడా అటువైపు వదలకండి." ఇక మడతకు పైన పడుకోవాలని బుద్ధి పుట్టినా దారి లేదు. తన మంచానికి తనే పరాయివాడైపోయాడు.

ఆదివారం పొద్దున్న మడత వేసుకున్న పథకం చాలా చిన్నది. మంచం పక్కన నిలబడాలి. కమాండరు గారు పక్క చూడాలి, తల ఊపాలి, వెళ్ళిపోవాలి. తర్వాత గేటు దగ్గరికి వెళ్ళి పెద్దమ్మకు నమస్కారం పెట్టి, "ఆ మూడో టికెట్టు మీరే దాచుకోండి పెద్దమ్మా" అనాలి. ఆ మాట ఎలా అనాలో అద్దం ముందు మూడు నాలుగు రకాలుగా అనుకుని చూశాడు కూడా.

అందరూ మంచాల పక్కన కొయ్యల్లా నిలబడ్డారు. కమాండరు గారికంటే ముందు డాక్టరమ్మ వచ్చింది, కుర్రాళ్ళ ఆరోగ్యం చూసి పోవడానికి. ఆమె మడత ముందుకొచ్చి "నోరు తెరువు" అంది. మడత నోరు తెరిచి తుమ్మాడు.

సిమెంటు నేల మీద పడుకుంటే జలుబు ఊరుకుంటుందా? మడత తుమ్మగానే అంతదాకా బిగబట్టుకున్న గురక తుమ్మాడు. గురక తుమ్ముకు అవతలివాడు ఉలిక్కిపడి తుమ్మాడు. ఆ తుమ్ము బారకు చివరిదాకా వెళ్ళి, గోడకు కొట్టుకుని, రెండో వరసలోంచి మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. "పక్క బారకులో ఒక్కడికీ తుమ్ము లేదు. ఇక్కడ అందరికీ ఉంది. ఏమిటి సంగతి?"

"క్రమశిక్షణండీ. ఏం చేసినా అందరూ కలిసే చేస్తారు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. తాడు మీదుగా వంగి మడత దుప్పటిని వాసన చూసింది. "ఇందులో ఏదో పురుగుంది. దుప్పట్లన్నీ మరిగే నీళ్ళలో వెయ్యండి. పరుపులు ఎండలో పడెయ్యండి."

డ్రిల్లు మాస్టారి మీసం ఒకవైపు వాలింది. "కమాండరు గారు వచ్చి వెళ్ళాక కదండీ?"

"వచ్చే లోపే."

మడతకు తన దుప్పటి గంగాళంలో కుతకుతలాడుతూ కనిపించింది. దాని వెనకే, బస్సు కిటికీ పక్కన, పెద్దమ్మకూ అమ్మకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న తనూ కనిపించాడు. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాడు.

"దుప్పట్లు కాదండీ! మిరియాలండీ!"

"ఏ మిరియాలు?"

"నిన్నటి సూపులోవండీ. తాగినప్పట్నుంచీ ముక్కులో ఒకటే మంటండీ."

"సూపు అందరూ తాగారుగా? పక్క బారకువాళ్ళకేం కాలేదే?"

మడత గురక వైపు చూశాడు. ఆపదలో ఆదుకునేవాడే స్నేహితుడు కాబట్టి గురక ఆదుకున్నాడు. "మేం వరసలో ఆఖర్ని నిలబడతామండీ. మాకు అడుగు సూపు వస్తుందండీ. మిరియాలన్నీ అడుక్కే చేరతాయి కదండీ."

ఈ మాట ఇంత తెలివిగా ఉండకపోయినా బాగుండేది. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి, ఆ మిరియాల్లో ఏదో కల్తీ కలిసిందని తేల్చేసింది. అక్కడినుంచి నేరుగా వంటశాలకు వెళ్ళి, డబ్బాలన్నీ పరీక్షించేదాకా పొయ్యి వెలిగించడానికి వీల్లేదని తాళం వేయించింది.

వంటాయన గరిటె పట్టుకుని బయటే నిలబడిపోయాడు. "మిరియాలా? ఎన్నాళ్ళయిందండీ ఆ డబ్బా ఖాళీ అయి! తెప్పించండి, తెప్పించండి అని నోరు నొప్పెట్టేలా అడిగాను. తెప్పించలేదు. ఇప్పుడు వెయ్యని మిరియాలు వేశానని నన్ను దోషిని చేస్తారా? తుమ్మింది వాళ్ళు, తాళం నాకా?" అని దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి అడిగాడు. ఆ రోజు దారిన పోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. శిబిరం మొత్తానికి పొద్దుటి తిండి లేదు మరి.

ఆ తిండి లేనివాళ్ళలో కమాండరు గారు కూడా ఉన్నారు. ఆయన సౌమ్యుడని పేరు, కానీ ఆ పేరు ఆయనకు టిఫిను తర్వాత వచ్చింది. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళరు. డాక్టరమ్మ చెప్పినదంతా విని ఆయన రెండు ఆజ్ఞలు వేశారు. ఒకటి, సూపు వండినవాడి సంగతి సాయంత్రంలోగా తేల్చాలి, తప్పని రుజువైతే వాణ్ణి పనిలోంచి తీసెయ్యాలి. రెండు, గేటు బయట కుర్రాళ్ళను చూడ్డానికి వచ్చిన చుట్టాలందరి చేతుల్లో తిండి సంచులున్నాయి కాబట్టి, వాళ్ళను వేళ కాకపోయినా సరే వెంటనే బారకుల్లోకి పంపాలి. పిల్లలైనా తింటారు.

మామూలుగా గేటు దాటనివ్వని చుట్టాలు ఆవేళ అలా బారకులోకి వచ్చేశారు.

అమ్మ ఉడికించిన కోడిగుడ్ల గిన్నె గుండెకు హత్తుకుని వచ్చింది. వస్తూనే కొడుకు చెవుల వెనక చూసింది, చిన్నప్పటి అలవాటు. పెద్దమ్మ మాత్రం వెంటనే మడతను చూడలేదు. తలుపు దగ్గర నిలబడి బారకంతా ఒకసారి కలయజూసింది, ఇల్లు కొనడానికి వచ్చినట్టు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. చేతిలో గొడుగు, చంకలో సంచి, ఆ సంచిలో టికెట్లు.

"పెట్టె సర్దావా?" అంది పెద్దమ్మ.

"నమస్కారం పెద్దమ్మా. ఆ మూడో..." అని మడత మొదలుపెట్టాడు గానీ మధ్యలో తుమ్ము వచ్చింది.

"చూశావా, జలుబు కూడా పట్టుకుంది," అని పెద్దమ్మ అమ్మతో అంది. తర్వాత గొడుగుతో తాడును చూపించింది. "ఆ మంచం చుట్టూ తాడేమిటి? ఎవరైనా పోయారా?"

"అది నా మంచమే పెద్దమ్మా."

"నీదా? మరి నాకు చెప్పవేం? బస్సులో వస్తున్నంతసేపూ మోకాళ్ళు సలుపుతూనే ఉన్నాయి," అని పెద్దమ్మ గొడుగుతో తాడు పైకెత్తి, కిందినుంచి దూరి, మంచమెక్కి, చెప్పులు విడిచి, వెల్లకిలా పడుకుంది.

మంచం కిర్రుమంది. పాపం దానికి మనిషి బరువు అలవాటు తప్పి చాలా రోజులైంది. బారకులో తింటున్నవాళ్ళ దవడలు ఆగిపోయాయి. గురక చేతిలోని అరటిపండు సగం వలిచి అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే డ్రిల్లు మాస్టారు లోపలికొచ్చాడు, కమాండరు గారు వస్తున్నారని ముందుగా చెప్పడానికి. చెప్పడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"అమ్మా! లేవండమ్మా! అది పడుకోడానికి కాదు!"

"మరి దేనికి నాయనా?"

"చూడ్డానికి!"

పెద్దమ్మ పడుకున్నచోటినుంచే ఆయన్ని కిందినుంచి మీదికి చూసింది. "మంచాన్నా?"

"మంచాన్నే!"

"బాగానే ఉంది. చూశాం. ఇక పడుకోనీ," అని ఆమె పక్కకు ఒత్తిగిలింది. ఆ ఒత్తిగిలడంలో చంకలోని సంచి జారి మంచం కిందికి పడింది. టికెట్లున్న సంచి. లేవకుండానే చెయ్యి కిందికి జార్చి తడుముకుంది. "ఇక్కడ మెత్తగా ఏదో ఉందే. పిల్లి పడుకుందా ఏమిటి?" అని పట్టి లాగింది. సంచి రాలేదు. తలగడ వచ్చింది. తలగడతోపాటు దుమ్ము పట్టిన పెద్ద తువ్వాలు వచ్చింది.

ఆ దుమ్ముకు బారకు మళ్ళీ ఒక విడత తుమ్మింది.

"ఇది మా తువ్వాలే! అంచు నేను కుట్టిందే ఇది," అంది అమ్మ. ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "ఏరా కన్నా, నేల మీదెందుకు పడుకుంటున్నావు? లాడ్జిలో మంచాలన్నీ నేను పరుస్తుంటే నా కొడుక్కి మంచం లేదా?"

"నే చెప్పలా?" అంది పెద్దమ్మ లేచి కూర్చుంటూ. "వీళ్ళకి మంచం కూడా ఇవ్వరని నే చెప్పలా?"

ఈ మాట చెప్పిన జ్ఞాపకం ఎవరికీ లేదు గానీ, ఆ సమయంలో అడిగేవాళ్ళూ లేరు. గుమ్మంలో కమాండరు గారు నిలబడి ఉన్నారు. ఆయన వెనక డాక్టరమ్మ, ఆమె వెనక గరిటెతో వంటాయన. డాక్టరమ్మ నేరుగా వచ్చి తలగడ అందుకుంది. వేలితో దుమ్ము గీసి చూసింది. తర్వాత నున్నటి పక్కల వరసను చూసింది.

"ఇదెవరిది?"

గురక మడతకు కన్నుగీటాడు. 'నాది కాదను' అని దానర్థం. అనడం కష్టం కాదు. బారకులో ఒక్కడూ నోరు విప్పడు. అమ్మ కూడా కొడుకు మొహం చూసి మాట మార్చేస్తుంది. కానీ వంటాయన అక్కడే ఉన్నాడు. ఇందాకటినుంచి మొత్తుకుని మొత్తుకుని గొంతు పోయింది. ఇప్పుడు గరిటెను రెండు చేతులతో పట్టుకుని, బడిలో దెబ్బకోసం నిలబడ్డ పిల్లవాడిలా నిలబడ్డాడు.

ఇప్పటిదాకా మడత వదిలేసి వచ్చిన చోట్లన్నిట్లో పోయింది తన పనే. మొదటిసారి ఇంకొకడి పని పోయేలా ఉంది. మడత తలగడ వైపు ఒక అడుగు వేశాడు.

"నాదేనండీ," అన్నాడు. "మిరియాలు లేవండీ. ఆ అబద్ధం నేనే చెప్పానండీ. జలుబు నేల మీద పడుకున్నందుకు వచ్చిందండీ. పక్క నలిగితే ఇంటికి పంపేస్తారని కింద పడుకున్నానండీ. పెద్దమ్మ టికెట్టు కూడా తీసి తెచ్చిందండీ."

చివరి ముక్క కమాండరు గారికి అర్థం కాలేదు, మిగతాదంతా అయింది. "నువ్వొక్కడివేనా?"

గురక తుమ్మాడు. ఆ తుమ్మే జవాబైంది.

"అన్ని మంచాల కిందా చూడండి," అన్నారు కమాండరు గారు.

చూడాల్సింది డ్రిల్లు మాస్టారు. ఆయన మొహం ఎర్రబడింది, మీసాలు లేచాయి. "మంచం కిందా? సైనికుడు మంచం కింద పడుకుంటాడా? సిగ్గుండాలి! ఇన్నేళ్ళ నా సర్వీసులో ఇలాంటి దగా ఎక్కడైనా చూశానా? లాగండ్రా బయటికి!" అని అరుస్తూ ఒక్క ఊపున నడుం వంచి మొదటి మంచం కిందికి చూశాడు. పచ్చటి చాప ఒకటి కనిపించింది. ఆ అరుపు అక్కడే ఆగిపోయింది. ఆయన మాత్రం లేవలేదు.

"ఏమైంది?" అన్నారు కమాండరు గారు.

"పట్టేసిందండీ," అని నేల వైపు చూస్తూ జవాబిచ్చాడు డ్రిల్లు మాస్టారు.

డాక్టరమ్మ వెళ్ళి నడుం నొక్కి చూసింది. ఒకచోట నొక్కితే ఆయన మీసాలు వణికాయి. "ఇది ఇవాళ పట్టిన నడుం కాదు. ఏళ్ళ తరబడి గట్టినేల మీద పడుకుంటే తప్ప ఇలా అవదు. మీరు ఎక్కడ పడుకుంటారు?"

"నా... నా గదిలోనండీ."

గది బారకు చివరే ఉంది. కమాండరు గారు చేతికర్రతో తలుపు తోశారు. లోపల మంచం, దాని మీద పక్క. అంత పక్కను మడత కూడా ఎన్నడూ వేయలేదు. రాతిలో చెక్కినట్టు ఉంది. దుప్పటి రంగు తేలిపోయినా అంచు తేలిపోలేదు. కమాండరు గారు కర్రతో దుప్పటి అంచు ఎత్తి కిందికి చూశారు. అక్కడొక చాప. దాని మీద డ్రిల్లు మాస్టారి ఆకారం అచ్చుపడి ఉంది, ఇంచుమించు మీసాలతో సహా. పక్కన చెంబు, చెంబు మీద గ్లాసు, గోడకు మేకు, మేకుకు టోపీ. అదొక కాపురం.

ఆయన తిరిగి వచ్చేసరికి డ్రిల్లు మాస్టారు ఇంకా వంగే ఉన్నాడు. ఆ భంగిమలోనే సెల్యూట్ చెయ్యబోయి, చెయ్యి మోకాలికి తగిలి, మానేశాడు.

"నేను శిక్షణలో చేరిన కొత్తల్లో నా మంచానిక్కూడా తాడు కట్టారండీ," అన్నాడు నెమ్మదిగా. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని ఎవరికీ తెలీదు. "విప్పమని ఎవరూ చెప్పలేదండీ."

గురక తన అరటిపండు పక్కన పెట్టేశాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆకలి మొహాన్ని ఆమె ఎక్కడున్నా పసిగడుతుంది. గిన్నె మూత తీసి ఒక కోడిగుడ్డు వలిచి కమాండరు గారి చేతిలో పెట్టింది. "తినండి బాబూ. ముందు తిని, తర్వాత తిట్టండి."

ఆయన తిన్నారు. సగం గుడ్డు లోపలికి వెళ్ళేసరికి కనుబొమలు కిందికి దిగాయి. రెండో గుడ్డుకు సౌమ్యుడనే పేరు మళ్ళీ వచ్చింది. పెద్దమ్మ నలిపేసిన మంచం వైపు కర్ర చూపించి, "ఏయ్, ఆ పక్క మళ్ళీ వెయ్యి. నా కళ్ళ ముందు," అన్నారు.

మడత పెద్దమ్మను దింపి, తాడు విప్పేసి, దుప్పటి ఒక్కసారి దులిపాడు. అది గాలిలో పరుచుకునే లోపు రెండో కొస ఎవరో అందుకున్నారు. అమ్మ. ఆమెను ఎవరూ పిలవలేదు. దుప్పటి గాలిలో ఉంటే ఊరుకోవడం ఆమె చేతులకు తెలీదు, అంతే. ఇతను లాగితే ఆమె వదిలింది, ఆమె మడిస్తే ఇతను నొక్కాడు. ఎడమ ఏదో కుడి ఏదో మడత ఒక్కసారి కూడా చేతులు చూసుకోలేదు. డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేసరికి పక్క అయిపోయింది.

కమాండరు గారు పిడికిలితో గుద్దారు. మోగింది.

"మార్కులు పక్క వేసినందుకు," అన్నారాయన. "పడుకున్నందుకు మార్కులుండవు. అంచేత నువ్వు నిలిచావ్. అబద్ధమాడినందుకు శిక్షణ అయ్యేదాకా వంటాయన గిన్నెలు నువ్వే తోమాలి. అడుగు సూపు కథ చెప్పినవాడు కూడా." గురక మొహం పడిపోయింది. "ఇవాళ్టినుంచి బారకులో ప్రతివాడూ మంచం మీదే పడుకోవాలి. ప్రతి పొద్దునా మంచం చెరిగి ఉండాలి, మళ్ళీ వెయ్యాలి. ఎంత తొందరగా వెయ్యాలో ఇతను నేర్పిస్తాడు. ఇది ఆర్డరు."

"మరి మిరియాలు?" అన్నాడు వంటాయన, పోయిన గొంతుతోనే.

"తెప్పిస్తాం."

వంటాయన మొదటిసారి గరిటె దించాడు.

ఇక మిగిలింది డ్రిల్లు మాస్టారు. ఆయన్ని ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకుని కొంచెం పైకి లేపారు గానీ, పూర్తిగా నిలువు కాలేదు. ప్రశ్నార్థకంలా నిలబడ్డాడు. డాక్టరమ్మ తేల్చి చెప్పింది: "సెలవు మీద ఇంటికి పోవాలి. మెత్తటి పరుపు మీద పడుకోవాలి. పరుపు మీద, పరుపు కింద కాదు. ఇవాళే బయల్దేరండి."

"ఇవాళ బస్సుకి టికెట్లెక్కడ దొరుకుతాయండీ? ఆదివారం, నిండిపోయుంటుంది," అన్నాడు డ్రిల్లు మాస్టారు, కొంచెం ఆశగా.

పెద్దమ్మ గొడుగుతో మంచం కిందినుంచి సంచి లాక్కుంది. దుమ్ము దులిపింది. లోపల చెయ్యి పెట్టింది. అందరూ చూస్తుండగా మూడో టికెట్టు బయటికి తీసి, మడతను ఒకసారి చూసి, దాన్ని ఒకసారి చూసి, నిట్టూర్చింది.

"మీ ఊరు మా దారిలోనేనా నాయనా?"

సాయంత్రం గేటు బయట బస్సు ఆగింది. అమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి మడత చెవి వెనక ఇంకోసారి చూసింది. గురక తన జీవితంలో మొదటిసారి ఒక పెట్టెను జాగ్రత్తగా మోసి పైకెక్కించాడు, ఎందుకంటే అది డ్రిల్లు మాస్టారిది.

"వీధిలో ఏం చెప్తారు పెద్దమ్మా?" అని మడత నవ్వు ఆపుకుంటూ అడిగాడు. "నెల తిరక్కుండా వచ్చేస్తానన్నారుగా."

"పటాలంనుంచి ఒకడు తిరిగొస్తాడన్నాను. వస్తున్నాడా లేదా?" అంది పెద్దమ్మ.

డ్రిల్లు మాస్టారు మెట్లెక్కి, వంగిన నడుంతో నడిచి, పెద్దమ్మ పక్క సీటు దగ్గరికొచ్చి ఆగాడు. రాడ్డు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కండక్టరు వచ్చి "కూర్చోండి సార్, ఇది మీ సీటే," అన్నాడు. అమ్మ కూడా కూర్చోమంది. కింద నిలబడ్డ కుర్రాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు.

"ఫర్వాలేదు," అన్నాడాయన గొంతు సవరించుకుని. "కూర్చుంటే ప్యాంటు ఇస్త్రీ పోతుంది."

పెద్దమ్మ ఖాళీ సీటును చూసింది, ఆయన్ని చూసింది.

"అంటే నాయనా, ఇది కూడా చూడ్డానికేనా?"